జర్మన్ వలసల స్టాంపులు సేకరించడం ఎలా: ఓడ కంటే ముందు ముద్ర చదవండి

నా స్టాక్‌బుక్ మొదటి పేజీలో ఒక ఎర్ర స్టాంపు ఉంది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. నడుమ రెండు పొగగొట్టాల ఆవిరి ఓడ, పైన 'జర్మన్ తూర్పు ఆఫ్రికా' అని జర్మన్ భాషలో పేరు, కింద విలువ 5 పెసా. మొదటిసారి చూసినప్పుడు ఆ 'పెసా' దగ్గరే నా చూపు ఆగిపోయింది. అది మన పైసాయే. జాంజిబార్ మీదుగా వ్యాపారం చేసిన భారతీయ వర్తకుల వల్ల తూర్పు ఆఫ్రికా తీరమంతా మన రూపాయే చెల్లేది. అక్కడికి వచ్చిన జర్మన్ కంపెనీ కూడా 1890 నుంచి అదే తూకంతో 'రూపీ' నాణెం ముద్రించింది. 64 పెసాలు ఒక రూపీ. మన తాతల లెక్కలో 64 కాలణాలు ఒక రూపాయి కదా, అచ్చం అదే లెక్క.

ఆ ఒక్క స్టాంపుతో మొదలై పదేళ్ళకు పైగా ఈ సేకరణలోనే ఉన్నాను. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు కొనాలి, ఎక్కడ మోసపోతారు అన్నది వరసగా చెబుతాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను: ఈ స్టాంపుల్లో బొమ్మ దాదాపు అన్నిటికీ ఒక్కటే. అసలు కథంతా దాని మీద పడిన తపాలా ముద్రలో ఉంటుంది.

1. ముందు మ్యాపు ముందు కూర్చోండి

కొనడానికి ముందు ఏయే ప్రాంతాలున్నాయో తెలియాలి. ఆఫ్రికాలో నాలుగు: టోగో, కామెరూన్, నైరుతి ఆఫ్రికా (నేటి నమీబియా), తూర్పు ఆఫ్రికా (నేటి టాంజానియాలో ప్రధాన భూభాగం, రువాండా, బురుండి). చైనా తీరంలో ఒకటి, కియావ్‌చౌ. దాని ముఖ్య పట్టణం చింగ్‌తావ్. పసిఫిక్‌లో ఐదు: న్యూగినీ, కరోలిన్ దీవులు, మరియానా దీవులు, మార్షల్ దీవులు, సమోవా. మొత్తం పది పేర్లు.

ఇవి కాక చైనాలో, మొరాకోలో, ఆటోమన్ సామ్రాజ్యంలో జర్మనీ నడిపిన తపాలా కార్యాలయాల స్టాంపులు కూడా ఉన్నాయి. కేటలాగుల్లో ఇవి పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ అవి వలసలు కావు, పరాయి దేశాల్లో పెట్టిన పోస్టాఫీసులు. మొదట్లో వాటి జోలికి పోకండి.

పది ప్రాంతాలూ ఒకేసారి మొదలుపెడితే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది. ఒక్కటి ఎంచుకోండి. నన్ను అడిగితే మనవాళ్ళకి తూర్పు ఆఫ్రికాయే సరైన ద్వారం. రూపాయి లెక్క మనకు తెలుసు, మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం అక్కడికి వెళ్ళింది, ఆ యుద్ధపు స్టాంపులు మన దేశంలోనే దొరికే వీలుంది. చిన్న బడ్జెట్‌లో పని కావాలంటే టోగో, కామెరూన్‌ల తక్కువ విలువ స్టాంపులు కూడా మంచివే. మరియానాలతో మాత్రం మొదలుపెట్టకండి, కారణం కింద చెబుతాను.

2. ఐదు దశలు గుర్తుపెట్టుకోండి

మీ చేతికొచ్చిన ఏ స్టాంపైనా ఈ ఐదింటిలో ఒకదానిలో పడుతుంది.

మొదటి దశలో వలసలకు సొంత స్టాంపులే లేవు. జర్మనీలో వాడే మామూలు స్టాంపులే అక్కడా వాడారు. వీటిని జర్మన్లు 'ఫోర్‌లాయిఫర్' అంటారు, అంటే ముందు నడిచినవి. స్టాంపు చూస్తే ఏమీ తెలియదు. మీద పడిన ముద్రలో ఓచింబింగ్వే అనో, అపియా అనో, కామెరూన్ అనో ఉంటేనే అది వలస స్టాంపు. ముద్ర లేకపోతే బెర్లిన్‌లో అమ్మిన స్టాంపుకీ దానికీ తేడా లేదు.

రెండోది ఓవర్‌ప్రింట్ల కాలం. 1893లో తూర్పు ఆఫ్రికా కోసం జర్మన్ స్టాంపుల మీద పెసాల్లో కొత్త విలువ ముద్రించారు: 3 ఫెనిగ్ (ఫెనిగ్ అంటే జర్మన్ మార్కులో నూరో వంతు) మీద 2 పెసా, 5 మీద 3, 10 మీద 5, 20 మీద 10, 50 మీద 25. 1896 నుంచి దానికి వలస పేరు కూడా చేరింది. 1897 నుంచి మిగతా వలసలకూ వాటి పేర్లు అడ్డంగా, ఏటవాలుగా ముద్రించిన స్టాంపులు వచ్చాయి. స్పెయిన్ దగ్గర కొన్న కరోలిన్, మరియానా దీవులకు 1899లో, సమోవాకు 1900లో.

మూడోది 1900లో మొదలైన ఓడ స్టాంపుల కాలం. జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్‌హెల్మ్ సొంత నౌక 'హోహెన్‌జోలెర్న్' బొమ్మతో, అన్ని వలసలకూ ఒకే డిజైన్, పేరు మాత్రం వేరు. చిన్న విలువలు చిన్న సైజులో, మార్కు విలువలు పెద్ద సైజులో అడ్డంగా. అన్నీ బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలోనే అచ్చయ్యాయి.

నాలుగోది వాటర్‌మార్క్ కాలం. 1905 నుంచి అదే ఓడ స్టాంపుల్ని వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) ఉన్న కాగితం మీద ముద్రించడం మొదలైంది. అదే ఏడాది డబ్బు లెక్క కూడా రెండు చోట్ల మారింది. తూర్పు ఆఫ్రికాలో పెసా పోయి 100 హెల్లర్లు ఒక రూపీ అయింది. కియావ్‌చౌలో మార్కులు పోయి డాలర్లు, సెంట్లు వచ్చాయి. కాబట్టి ఈ రెండు చోట్ల విలువ చదివితేనే కాలం తెలిసిపోతుంది.

ఐదోది ఆక్రమణ కాలం. 1914 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సేనలు ఈ ప్రాంతాలు పట్టుకుని, దొరికిన జర్మన్ స్టాంపుల మీదో, తమ స్టాంపుల మీదో కొత్త అక్షరాలు ముద్రించుకున్నాయి.

3. కావలసిన సామాను

ఖరీదైన సామాను అక్కర్లేదు. చివర పదును లేని ట్వీజర్లు, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, నల్ల పేజీల స్టాక్‌బుక్, స్టాంపు అంచు పళ్ళు కొలిచే పర్ఫరేషన్ గేజి, ఒక చిన్న నల్లటి ట్రే, వాటర్‌మార్క్ ఫ్లూయిడ్. పిల్లల జామెట్రీ బాక్సులోంచి పారదర్శకంగా ఉండే కోణమాపకం ఒకటి తీసి పెట్టుకోండి, అది బాగా పనికొస్తుంది. ఒక కేటలాగు తప్పదు. జర్మన్ స్టాంపులకి మిషెల్ కేటలాగు నంబర్లే అందరూ వాడతారు, వేలంపాటల్లో కూడా ఆ నంబరే రాస్తారు. ఆక్రమణ కాలపు స్టాంపులకి బ్రిటిష్ కేటలాగు స్టాన్లీ గిబ్బన్స్ తేలిక. తాజా ఎడిషనే కావాలని లేదు, నాలుగైదేళ్ళ పాతది సగం ధరకు దొరికితే చాలు. ధరలు మారతాయి గానీ రకాలు మారవు.

4. మొదటి కొనుగోలు

ఓడ స్టాంపుల తక్కువ విలువలతో మొదలుపెట్టండి: గోధుమ రంగు 3 ఫెనిగ్, ఆకుపచ్చ 5, ఎర్ర 10, నీలం 20. తూర్పు ఆఫ్రికాలో అయితే 2, 3, 5, 10 పెసాలు, తర్వాతి సిరీస్‌లో 2½, 4, 7½, 15 హెల్లర్లు. ఇవి వాడనివీ, వాడినవీ రెండూ అందుబాటు ధరలోనే దొరుకుతాయి. వీటి మీద చేయి తిరిగితే తర్వాతివి గుర్తుపట్టడం వస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్ళకి వింతగా అనిపించే సంగతి ఒకటుంది. సాధారణంగా వాడని స్టాంపు ఖరీదు, వాడినది చవక. ఇక్కడ చాలాసార్లు తలకిందులు. యుద్ధం వచ్చి వలసలు పోయాక మిగిలిన సరుకు బెర్లిన్‌లో సేకర్తలకు అమ్మారు. అందుకే వాడనివి సమృద్ధిగా ఉన్నాయి. కానీ ఏదో దీవిలో పదిమంది తెల్లవాళ్ళున్న చోట 3 మార్కుల స్టాంపు ఎవరు వాడతారు? పెద్ద పార్శిలు పంపితేనే అది అతికేది. అందుకే మార్కు విలువల్లో నిజంగా వాడినది వాడనిదాని కంటే ఎక్కువ ధర పలుకుతుంది. దొంగ ముద్రలన్నీ పుట్టింది ఇక్కడే. చవకైన వాడని స్టాంపు కొనడం, దాని మీద దొంగ ముద్ర కొట్టడం, ఖరీదైన వాడిన స్టాంపుగా అమ్మడం. ఇది నూరేళ్ళుగా జరుగుతోంది.

కాబట్టి మొదటి రెండేళ్ళు మార్కు విలువలు వాడినవి కొనకండి. కావాలంటే వాడనివే కొనండి.

5. వాటర్‌మార్క్ చూడటం

ఓడ స్టాంపు ప్రతిదానికీ ఈ పరీక్ష చెయ్యాలి. నల్ల ట్రేలో స్టాంపును బోర్లా పెట్టి రెండు మూడు చుక్కలు ఫ్లూయిడ్ వెయ్యండి. కాగితం తడిసి నల్లబడగానే, వాటర్‌మార్క్ ఉన్నదైతే కాజూ కట్లీ ముక్కలు వరసగా పేర్చినట్టు డైమండ్ గళ్ళు కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోతే అది మొదటి ముద్రణ. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, స్టాంపుకీ జిగురుకీ ఏమీ కాదు. ఫ్లూయిడ్ ఇట్టే నిప్పంటుకునే రకం, కిటికీ తీసి, దీపం దగ్గర లేకుండా చూసుకోండి.

చిన్న విలువల్లో గళ్ళు తేలిగ్గా కనిపిస్తాయి. లేత పసుపు, గులాబీ కాగితం మీద ముద్రించిన 25, 50, 80 ఫెనిగుల్లో కళ్ళు చికిలించి చూడాలి. తొందరపడకండి, ట్రే కొంచెం వంచి చూస్తే తెలుస్తుంది.

పెద్ద మార్కు విలువల్లో ఇంకో తేడా ఉంది. పళ్ళ మధ్య రంధ్రాలు లెక్కపెట్టండి. అడ్డంగా 26, నిలువుగా 17 ఉంటే శాంతికాలపు ప్రింటు, 25, 17 ఉంటే యుద్ధకాలపు ప్రింటు అంటారు. ఒకే స్టాంపులో ఈ రెండు రకాలకీ ధరలో చాలా తేడా ఉండొచ్చు.

వాటర్‌మార్క్ పరీక్ష వల్ల ఇంకో లాభం ఉంది. పసిఫిక్ వలసలు 1914 అక్టోబరు కల్లా చేజారిపోయాయి, అయినా బెర్లిన్‌లో ఆ పేర్లతో స్టాంపులు ముద్రిస్తూ సేకర్తలకు అమ్ముతూనే ఉన్నారు. కరోలిన్, మరియానా, సమోవా పేర్లతో ఉన్న వాటర్‌మార్క్ స్టాంపులు కొన్ని ఆ దీవుల మొహం కూడా చూడలేదు. అలాంటి స్టాంపు మీద పోనపే ముద్రో, సైపాన్ ముద్రో కనిపిస్తే అది దొంగదే. కేటలాగులో 'వాడినది' అన్న గడిలో ధర బదులు గీత ఉంటే కారణం ఇదే.

6. ఓవర్‌ప్రింట్లు కొలవడం

కరోలిన్, మరియానా ఓవర్‌ప్రింట్లు రెండు కోణాల్లో ఉన్నాయి. 1899లో మొదట ముద్రించినవి 48°, 1900లో వచ్చినవి 56°. చైనా కార్యాలయాలవి 45°, 56°. ఎనిమిది డిగ్రీల తేడా అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ ధరలో తేడా భారీగా ఉంటుంది, 48° చాలా అరుదు. స్టాంపు కింది అంచును కోణమాపకం అడుగు గీతతో కలిపి, అక్షరాల అడుగు భాగం ఏ గీతతో సరిపోతుందో చూడండి. ఇంకా మంచి పద్ధతి, స్కానర్‌లో 1200 డీపీఐలో స్కాన్ చేసి కంప్యూటర్‌లో గీత గీసి కొలవడం. ఫోన్ ఫోటో మీద కొలవొద్దు, వంకర పడుతుంది.

స్పెల్లింగులు కూడా చూడాలి. మార్షల్ దీవుల 1897 ఓవర్‌ప్రింట్‌లో జర్మన్ పద్ధతిలో ఎస్‌కీ హెచ్‌కీ మధ్య 'సి' ఉంటుంది, 1899లో వచ్చిన వాటిలో ఆ 'సి' ఉండదు. నైరుతి ఆఫ్రికా పేరు 1897లో రెండు చిన్న గీతలతో మూడు ముక్కలుగా ఉంటే, 1898లో ఒక్క గీతతో రెండు ముక్కలుగా ఉంటుంది.

ఇప్పుడు నా దెబ్బ గురించి. సేకరణ మొదలుపెట్టిన రెండో ఏట ఒక ఆన్‌లైన్ వేలంలో మరియానా 10 ఫెనిగ్, 48°, వాడినది కనిపించింది. కేటలాగు ధరలో నాలుగో వంతుకి పాడుకున్నాను. కవరు వచ్చిన రోజు కోణం కొలిచాను, సరిగ్గా 48. గాల్లో తేలిపోయాను. రెండు రోజుల తర్వాత తీరిగ్గా భూతద్దం కింద పెట్టి ముద్ర చదివాను. గుండ్రటి గీత లోపల చివరి మూడు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: యు, ఆర్, జి. మరియానాల్లో ఉన్న పోస్టాఫీసు ఒక్కటే, సైపాన్. ఆ మూడు అక్షరాలతో ముగిసే ఊరు ఆ దీవుల్లో లేదు, జర్మనీలో మాత్రం కోకొల్లలు. ఇంకా దగ్గరగా చూస్తే, ఓవర్‌ప్రింట్ నల్ల సిరా తపాలా ముద్ర గీత మీదుగా పోతోంది. నిజమైనదైతే ఓవర్‌ప్రింట్ కింద, ముద్ర పైన ఉండాలి. జర్మనీలో వాడేసిన చవక స్టాంపు మీద ఎవరో తర్వాత 'మరియానా' అని కొట్టారు, అంతే. అమ్మినవాళ్ళకి రాస్తే జవాబు రాలేదు. ఆ స్టాంపు ఇప్పటికీ ఉంచుకున్నాను, కొత్తవాళ్ళకి చూపించడానికి.

7. ముద్ర చదవడం

ఇదే ఈ సేకరణకి ప్రాణం, ఇక్కడ నిదానంగా వెళ్దాం.

ఒక ముద్రలో మూడు సంగతులుంటాయి: ఊరు, తేదీ, చాలావాటిలో వలస పేరు. ఊరు ఆ వలసలోదేనా? ఆ తేదీకి ఆ ఊళ్ళో పోస్టాఫీసు ఉందా? ఆ తేదీకి ఆ స్టాంపు విడుదలైందా? ఆ తేదీకి ఆ వలస ఇంకా జర్మనీ చేతిలోనే ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకీ 'అవును' వస్తేనే ముందుకు వెళ్ళండి.

దీనికి ఒక నోట్‌బుక్ పెట్టుకుని వలసకొక పేజీ రాసుకోండి. తూర్పు ఆఫ్రికా పేజీలో దార్ ఎస్ సలాం, టాంగా, బగమోయో, పంగాని, కిల్వా, లిండి, తబోరా, మ్వాన్జా, ఉజిజి, మోషి. కరోలిన్ పేజీలో పోనపే, యాప్, ఆ తర్వాత ట్రుక్, అంగౌర్. మార్షల్ పేజీలో జలూయిత్, 1908 నుంచి నౌరు. సమోవాకి అపియా ముఖ్యం. ఊళ్ళ పేర్లు మారిన చోట తప్పకుండా గుర్తు పెట్టుకోండి. టోగోలో క్లైన్ పోపో 1905లో అనెఖో అయింది. న్యూగినీలో సింప్సన్‌హాఫెన్ 1910లో రబౌల్ అయింది. కామెరూన్ అనే ఊరు 1901లో దువాలా అయింది. 1908 తేదీతో రబౌల్ ముద్ర కనిపిస్తే చేతులు జోడించి పక్కన పెట్టేయండి.

చివరి తేదీలు కూడా రాసుకోండి. టోగో 1914 ఆగస్టు 26న లొంగిపోయింది. సమోవాలో న్యూజీలాండ్ సేన ఆగస్టు 29న దిగింది. చింగ్‌తావ్ నవంబరు 7న జపాన్‌కు లొంగింది. నైరుతి ఆఫ్రికా 1915 జూలై 9 దాకా, తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేన 1918 నవంబరు 25 దాకా. అక్కడ తపాలా కూడా చేతనైనంత కాలం నడిచింది.

ఊరి ముద్రలే కాదు, సముద్రం మీద కొట్టినవీ ఉన్నాయి. ఓడల్లోని జర్మన్ పోస్టాఫీసులు వాడిన ముద్రల్లో 'డాయిచ్ జేపోస్ట్' అని, కింద తూర్పు ఆఫ్రికా లైన్ వంటి మార్గం పేరు ఉంటుంది. యుద్ధనౌకల ముద్రల్లో ఒక నంబరుంటుంది, ఆ నంబరు పట్టుకుని నౌక పేరు, ఆ రోజు ఏ రేవులో ఉందో వెతికి పట్టుకోవచ్చు. నాకు ఒక ఆదివారం మొత్తం ఒక్క నంబరుతోనే గడిచిపోయింది, ఒక్క నిమిషం కూడా దండగ అనిపించలేదు.

మరో సూక్ష్మం. నడుమ నిండుగా, ముద్దొచ్చేలా పడిన ముద్రలన్నీ దొంగవి కావు. సేకర్తలు పోస్టాఫీసుకు వెళ్ళి అడిగి కొట్టించుకున్నవి చాలా ఉన్నాయి, అవి అసలైన ముద్రలే. కానీ ఉత్తరం మోసిన స్టాంపు విలువ వేరు. అందుకే కవరు మీదో, కత్తిరించిన కవరు ముక్క మీదో ఉన్న స్టాంపును నీళ్ళలో నానబెట్టి తీయకండి. ముద్రలో సగం కాగితం మీద ఉంటుంది, దాన్ని తీస్తే సాక్ష్యం పోతుంది. పైగా ఊదారంగు చేతిముద్రల సిరా నీళ్ళు తగిలితే కరిగిపోతుంది.

కాగితం మీద ఉంచడం ఎంత అవసరమో చెప్పే ఉదాహరణ పోనపేది. 1905 ఏప్రిల్ 20న తుఫాను ఆ దీవిని ఊడ్చేసింది. 5 ఫెనిగ్ స్టాంపులకు కొరత వచ్చి, 10 ఫెనిగ్ స్టాంపుల్ని సగానికి కత్తిరించి, దాని మీద అధికారిక ముద్ర వేసి సగం విలువకు వాడారు. కత్తిరించిన సగం స్టాంపు విడిగా ఉంటే దానికి విలువ లేదు, ఎవరైనా కత్తెరతో చెయ్యగలరు. కార్డు మీద, ముద్రలు దాని అంచు దాటి కాగితం మీదికి పడి ఉంటేనే అది పోనపే చరిత్ర.

8. పరీక్ష చేయించడం

ఖరీదైన స్టాంపు కొనే ముందు జర్మనీలోని నిపుణుల సంఘం బీపీపీ సభ్యుల ధ్రువీకరణ ఉందేమో అడగండి. ఈ సంఘంలో వలస స్టాంపులకి విడిగా పరీక్షకులుంటారు. వెనక వాళ్ళ పేరుతో చిన్న ముద్ర, లేదా ఫోటోతో సర్టిఫికెట్ ఉంటుంది. జాగ్రత్త, వెనక ఉన్న పరీక్షకుల ముద్రలకీ నకిలీలున్నాయి. ఫోటో సర్టిఫికెట్ నమ్మకమైనది: ఫోటోలోని పళ్ళు, ముద్ర పడిన చోటు, మీ చేతిలోని స్టాంపుతో ఒక్కొక్కటీ పోల్చుకోండి.

తక్కువ విలువలకి పరీక్ష ఖర్చు స్టాంపు ధర కంటే ఎక్కువవుతుంది, వాటికి మీ భూతద్దమే పరీక్షకుడు. 'నిజమైనదే అనుకుంటున్నాం', 'తాతగారి ఆల్బంలోంచి' వంటి మాటలతో అమ్మే ఖరీదైన స్టాంపులను వదిలేయండి. ఎంత ఆశగా ఉన్నా సరే.

9. యుద్ధపు స్టాంపులు: మనకు దగ్గరైన భాగం

చేజిక్కిన జర్మన్ స్టాంపుల మీద సమోవాలో న్యూజీలాండ్ సేన, రబౌల్‌లో ఆస్ట్రేలియా సేన 1914లో 'జి.ఆర్.ఐ.' అని, అంటే జార్జి రాజు పేరు లాటిన్‌లో, ముద్రించాయి. టోగోలో 'ఆంగ్లో ఫ్రెంచ్ ఆక్యుపేషన్', కామెరూన్‌లో 1915లో 'సి.ఇ.ఎఫ్.'. ఇవన్నీ దొంగ ఓవర్‌ప్రింట్లతో నిండిన రంగం, ధ్రువీకరణ లేకుండా ముట్టుకోవద్దు.

మనం చెయ్యి పెట్టగలిగినది తూర్పు ఆఫ్రికా. 1914లో భారత తపాలా శాఖ మన ఐదో జార్జి స్టాంపుల మీద 'ఐ.ఇ.ఎఫ్.' అని ముద్రించింది: ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్. మూడు పైలనుంచి రూపాయి దాకా పది విలువలు. ఫ్రాన్స్, మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా వంటి రంగాలన్నిటిలో భారత సైనికుల ఉత్తరాలకు ఇవే వాడారు. వాడనివి ఇప్పటికీ అందరికీ అందే ధరలోనే ఉన్నాయి. ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ముద్ర ఉన్నవి వెతకండి, ఆ నంబరు ఏ తేదీకి ఏ రంగంలో ఉందో పట్టుకుంటే అది తూర్పు ఆఫ్రికా స్టాంపు అవునో కాదో తేలుతుంది. అక్కడి తీరంలోని మాఫియా అనే దీవిలో అయితే ఈ ఐ.ఇ.ఎఫ్. స్టాంపుల మీదే మళ్ళీ ఆ దీవి పేరు కొట్టారు, అవి చాలా అరుదు.

1914 నవంబరు 2 నుంచి 5 దాకా టాంగా దగ్గర జరిగిన పోరులో దిగిన భారత దళాల్లో 61వ పయనీర్లు, 63వ పాళంకోట పదాతి దళం మద్రాసు ప్రెసిడెన్సీ రెజిమెంట్లు. ఆ రోజుల్లో మన ఆంధ్ర జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలోవే. ఎనిమిది వేలమంది దిగి, చాలా తక్కువమంది ఉన్న జర్మన్ దళం ముందు ఓడి తిరిగి ఓడలెక్కారు. మీ ఊళ్ళో పాత ట్రంకు పెట్టెల్లో యుద్ధకాలపు కార్డులు ఉన్నాయేమో అడిగి చూడండి. దొరికితే స్టాంపు కోసం కత్తిరించకండి. కార్డు కార్డులాగే ఉంచండి, వెనక రాసిన మాటలతో సహా.

1917 నుంచి బ్రిటిష్ వాళ్ళ తూర్పు ఆఫ్రికా, ఉగాండా స్టాంపుల మీద 'జి.ఇ.ఎ.' అని, అంటే జర్మన్ ఈస్ట్ ఆఫ్రికా అని వచ్చింది. పడమట రువాండా, ఉరుండి వైపు బెల్జియం తన కాంగో స్టాంపుల మీద ఫ్రెంచ్‌లో, డచ్చిలో 'ఆక్రమణ' అని ముద్రించింది. జర్మన్ల వైపు కూడా ఒక గొప్ప కథ ఉంది. దిగ్బంధం వల్ల స్టాంపులు అయిపోతుంటే 1916లో వుగా అనే ఊళ్ళోని క్రైస్తవ మిషన్ ప్రెస్‌లో 2½, 7½ హెల్లర్లు, 1 రూపీ స్టాంపులు నాటుగా అచ్చువేశారు. అవి వాడకానికి రాకముందే, శత్రువు చేతికి చిక్కకూడదని భూమిలో పాతిపెట్టారు. యుద్ధం తర్వాత తవ్వి తీసి బెర్లిన్‌కు తెచ్చి 1921లో అమ్మారు. మట్టిలో చెమ్మకి దెబ్బతిన్న మరకలు చాలావాటి మీద ఉంటాయి. ఈ ఒక్క స్టాంపు విషయంలో మచ్చ చూసి కొనడం మానకండి.

10. మన వాతావరణంలో కాపాడటం

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్ళకి ఇది పెద్ద టెన్షన్. నూరేళ్ళ నాటి జిగురు వానాకాలం చెమ్మకి మెత్తబడి పేజీకి అతుక్కుంటుంది. తుప్పు రంగు చుక్కలు పడితే పోవు. స్టాక్‌బుక్‌లు పడుకోబెట్టకుండా నిలబెట్టండి, గోడకి ఆనించకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా ఎండబెట్టండి. నెలకోసారి పొడి రోజు చూసి పేజీలు తిప్పి గాలి తగలనివ్వండి. కలరా ఉండలు వెయ్యకండి, ప్లాస్టిక్ పేజీలను పాడుచేస్తాయి. సెల్లోటేప్, లామినేషన్, ఫోటో ఆల్బంల జిగురు పేజీలు, ఈ మూడూ స్టాంపుకి శత్రువులు. స్టాంపుని వేళ్ళతో ముట్టుకోవద్దు, మన చేతులకి ఎప్పుడూ చెమటే.

11. పేజీ పేర్చడం

ఆల్బంలో విలువల క్రమంలో పేరిస్తే అది కేటలాగు అవుతుంది. ఊరి క్రమంలో పేర్చండి. ప్రతి స్టాంపు పక్కన ఊరు, తేదీ, వాటర్‌మార్క్ ఉందా లేదా, ఎక్కడ ఎంతకి కొన్నారు అని పెన్సిల్‌తో రాయండి.

ఆ తేదీన ఆ చోట ఏం జరుగుతోందో కూడా రాయండి. ఇది నాకు చాలా ముఖ్యం. నైరుతి ఆఫ్రికా నుంచి 1904-07 మధ్య జర్మన్ సైనికులు ఇంటికి పంపిన ఫీల్డ్‌పోస్ట్ కార్డులు తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా తక్కువ. ఎందుకంత తేలిక? వేలమంది సైనికులు అక్కడ ఉన్నారు కాబట్టి. హెరేరో, నామా ప్రజల్ని ఊచకోత కోసింది ఆ యుద్ధంలోనే. 1904 అక్టోబరు 2న జనరల్ ట్రోథా హెరేరోలను నిర్మూలించే ఆజ్ఞ జారీ చేశాడు. ఆ ఊచకోతను జాతి నిర్మూలనగా జర్మనీ 2021లో ఒప్పుకుంది. 1905-07లో తూర్పు ఆఫ్రికాలో మజి మజి తిరుగుబాటును అణచినప్పుడు కరువుతో లెక్కలేనంతమంది పోయారు. కైజర్ విహార నౌక బొమ్మ అందంగానే ఉంటుంది. ఆ స్టాంపు పక్కన ఈ రెండు వాక్యాలూ రాయకపోతే పేజీ పూర్తికాదు.

నా టాంగా పేజీ ఇలా ఉంది. ఎడమవైపు ఆ ఎర్ర 5 పెసా, టాంగా ముద్ర, 1903. దాని పక్కన 7½ హెల్లర్, వాటర్‌మార్క్ గళ్ళతో, అదే ఊరు, 1911. నడుమ ఒక అణా ఐ.ఇ.ఎఫ్., ఫీల్డ్ పోస్టాఫీసు నంబరుతో. కింద జి.ఇ.ఎ. ఓవర్‌ప్రింట్, మళ్ళీ టాంగా, ఈసారి ఇంగ్లీషు ముద్ర. చివర 1922 నాటి టాంగన్యికా జిరాఫీ. పైన ఎడమ మూల ఒక గడి ఖాళీగా ఉంచాను, 1893 నాటి 3 పెసా ఓవర్‌ప్రింట్ కోసం. టాంగా ముద్రతో, తేదీ పూర్తిగా చదవగలిగేది కావాలి. ఇప్పటికి మూడు చూశాను, మూడింటిలోనూ ముద్ర సిరా ఓవర్‌ప్రింట్ అడుగున ఉంది. వెతుకుతున్నాను.